నిప్పుల గొడుగు... అంచుల్లో పిడుగు!

నడినెత్తిన ఎండ. ఆకు కదలదు. ఆకాశంలో మబ్బుతునక కనిపించదు. సరిగ్గా అలాంటి రోజునే, ఎక్కడో వందల కిలోమీటర్ల అవతల పుట్టిన గాలివాన రైలుబండిలా దూసుకొచ్చి ఊళ్ళకు ఊళ్ళను చీకట్లో ముంచేస్తుంది. అందుకే వేసవి వచ్చిందంటే అమెరికా వాతావరణ నిపుణుల చూపు ఎండ మీద కన్నా దాని అంచు మీదే ఎక్కువగా ఉంటుంది.

2012 జూన్ 29, శుక్రవారం.

అమెరికా రాజధాని వాషింగ్టన్ కాలిన పెనంలా ఉంది. ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్‌కు చేరింది. మే నెలలో 45 డిగ్రీలు చూసే మనకు అదో లెక్క కాదు కానీ, ఆ నగరంలో జూన్ నెలలో అంత ఎండ కాయడం రికార్డుల్లో అదే మొదటిసారి. ఆఫీసుల నుంచి ఇళ్ళకు చేరినవాళ్ళు ఏసీలు వేసుకుని కూర్చున్నారు. ఆకాశం నిర్మలంగా ఉంది. వారాంతం మొదలైందన్న హుషారు.

అదే రోజు మధ్యాహ్నం వాషింగ్టన్‌కు పడమరగా, దాదాపు వెయ్యి కిలోమీటర్ల దూరంలో షికాగో దగ్గర కొన్ని ఉరుముల మేఘాలు ఒకచోటికి చేరాయి. చూడ్డానికి మామూలు వేసవి వానే. కానీ మూడు గంటలు తిరిగేసరికి ఇండియానా రాష్ట్రంలోని ఫోర్ట్ వేన్ విమానాశ్రయంలో గాలి గంటకు 146 కిలోమీటర్ల వేగంతో కొట్టింది. అక్కడితో ఆగలేదు. సాయంత్రానికి ఒహాయో దాటింది. చీకటి పడేలోపు వెస్ట్ వర్జీనియా కొండల్లోకి చొరబడింది. అపలాచియన్ పర్వతాలు అడ్డొచ్చాయి కాబట్టి నీరసించిపోవాలి. నీరసించలేదు! కొండ దిగి, రాత్రి పదిన్నర ప్రాంతంలో వాషింగ్టన్ మీద పడింది. అర్ధరాత్రి దాటాక గానీ అట్లాంటిక్ సముద్రంలోకి వెళ్ళి చల్లారలేదు.

దాదాపు 12 గంటల్లో సుమారు 1,100 కిలోమీటర్లు. అంటే హైదరాబాద్ నుంచి నాగపూర్ వెళ్ళి మళ్ళీ తిరిగొచ్చేంత దూరం. దారి పొడవునా చెట్లు ఇళ్ళమీదా కార్లమీదా కూలాయి. 40 లక్షలకు పైగా కనెక్షన్లకు కరెంటు పోయింది. గాలి ధాటికి 13 మంది చనిపోయారు. వర్జీనియాలోని ఫెయిర్‌ఫ్యాక్స్, లౌడన్ కౌంటీల్లో కాపురాలున్న వేలాది తెలుగు కుటుంబాలూ ఆ రాత్రి కొవ్వొత్తులు వెతుక్కున్నాయి.

తుపాను కాదు, సుడిగాలి కాదు. సముద్రంలో అల్పపీడనం కూడా లేదు. మరి అంత పెద్ద విలయానికి మూలం ఏమిటి?

వింతగా అనిపించొచ్చు... మబ్బుల్ని దరి చేరనివ్వని 'అధిక పీడనమే' దానికి దారి చూపింది!

మూత పెట్టిన గిన్నె

అల్పపీడనం అనగానే మనకు వాన గుర్తొస్తుంది. రేడియోలో, టీవీలో ఏళ్ళ తరబడి వింటున్న మాట అది. దానికి పూర్తిగా వ్యతిరేకం అధిక పీడనం. అల్పపీడనం ఉన్నచోట గాలి పైకి లేస్తుంది. పైకి లేచిన గాలి చల్లబడి, అందులోని తేమ మబ్బుగా మారుతుంది. అధిక పీడనం ఉన్నచోట గాలి పైనుంచి కిందికి దిగుతుంది. దిగేకొద్దీ ఒత్తిడికి గురై వేడెక్కుతుంది. సైకిలుకు గాలి కొట్టేటప్పుడు పంపు అడుగుభాగం చుర్రుమనడం తెలిసిందే కదా! అదే సూత్రం. పొడిగాలి ఒక కిలోమీటరు కిందికి దిగితే దాదాపు 10 డిగ్రీలు వేడెక్కుతుంది.

వేసవిలో అమెరికా మధ్యభాగం మీద, ఆకాశంలో కొన్ని కిలోమీటర్ల ఎత్తున ఇలాంటి అధిక పీడనం వచ్చి తిష్ఠ వేస్తుంది. ఒక్కోసారి వారం పదిరోజులైనా కదలదు. గొడుగులా పరుచుకున్న దాని కింద మబ్బు పట్టదు, ఎండ తగ్గదు. నేల రోజురోజుకీ మరింత కాగుతుంది. దీన్నే 'హీట్ డోమ్' అంటారు. మన భాషలో చెప్పాలంటే ఎండ గొడుగు, కాదంటే నిప్పుల గొడుగు!

ఈ గొడుగు కింద గాలిలో తేమకు కొదవుండదు. దక్షిణాన ఉన్న మెక్సికో సింధుశాఖ నుంచి ఉక్కగాలి వస్తూనే ఉంటుంది. దానికి తోడు మొక్కజొన్న చేలు. అయోవా, ఇల్లినాయ్, ఇండియానా రాష్ట్రాల్లో కనుచూపు మేరా పరుచుకున్న ఆ పంట జులై నాటికి ఏపుగా పెరిగి ఆకుల నుంచి నీటి ఆవిరిని వదులుతూ ఉంటుంది. ఒక్క ఎకరం మొక్కజొన్న రోజుకు 11 వేల నుంచి 15 వేల లీటర్ల నీటిని గాలిలోకి పంపిస్తుందని అంచనా. అక్కడి జనం దీనికి 'మొక్కజొన్న చెమట' అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు.

కింద వేడి, తేమ. అవి పైకి లేస్తే ఉరుముల మేఘం సిద్ధం. కానీ లేవలేవు. ఎందుకంటే రెండు మూడు కిలోమీటర్ల ఎత్తులో, పైనుంచి దిగి వేడెక్కిన పొడిగాలి పొర మూతలా అడ్డుపడుతుంది. కింది గాలి కన్నా పై గాలి వేడిగా ఉంటే ఇక కిందిది పైకి ఎలా పోతుంది? వాతావరణ నిపుణులు దాన్ని పిలిచే పేరే 'క్యాప్', అంటే మూత. పొయ్యి మీద గిన్నెకు గట్టిగా మూత పెట్టినట్టు, లోపల ఆవిరి రోజుల తరబడి కూడుకుంటూ ఉంటుంది.

మరి అది బయటపడేదెక్కడ? మూత వదులుగా ఉన్నచోట. అంటే... అంచు దగ్గర!

ఈ అగ్నివలయం వేరు

ఉత్తరార్ధగోళంలో అధిక పీడనం చుట్టూ గాలి గడియారం ముల్లు తిరిగే దిశలో తిరుగుతుంది. అమెరికా దక్షిణభాగం మీద గొడుగు పరుచుకుంటే, దాని పడమటి అంచున గాలి ఉత్తరానికి, ఉత్తరపు అంచున తూర్పుకి, తూర్పు అంచున దక్షిణానికి వీస్తుంది. అంచుల్లో మూత పలచన. పైగా ఉత్తరపు అంచును రాసుకుంటూ, చాలా ఎత్తున జెట్ స్ట్రీమ్ అనే వేగవంతమైన గాలి నది పారుతూ ఉంటుంది. అందులో కొట్టుకొచ్చే చిన్నపాటి అలజడి ఒక్కటి తగిలినా చాలు, మూత లేస్తుంది. రోజుల తరబడి కాగిన ఆవిరి ఒక్కసారిగా పైకి ఎగజిమ్ముతుంది. 12 నుంచి 15 కిలోమీటర్ల ఎత్తుకు మేఘాలు లేస్తాయి.

అలా పుట్టిన గాలివానలు గొడుగు అంచు పట్టుకుని ప్రయాణం కడతాయి. డకోటాల్లో మొదలైనవి మిన్నెసోటా మీదుగా మిషిగన్‌కి, అక్కడినుంచి ఒహాయోకి, పెన్సిల్వేనియాకి వెళ్తాయి. ఒకటి వెళ్ళిన దారిలోనే మర్నాడు ఇంకొకటి వస్తుంది. వాతావరణ పటం మీద చూస్తే మధ్యలో ఖాళీ, చుట్టూ ఎర్రెర్రటి గాలివానల వరస. అందుకే దానికి 'రింగ్ ఆఫ్ ఫైర్' అని పేరొచ్చింది. పసిఫిక్ మహాసముద్రం చుట్టూ అగ్నిపర్వతాలుండే అగ్నివలయం వేరు, ఇది వేరు. అది నేల కింద, ఇది నింగిలో!

ఈ వలయం చేసే పనికి 1995 జులైని మించిన ఉదాహరణ లేదు. ఆ నెల మధ్యలో షికాగో మీద గొడుగు పరుచుకుంది. 13వ తేదీన అక్కడి మిడ్‌వే విమానాశ్రయంలో ఉష్ణోగ్రత 41 డిగ్రీలకు చేరింది. వేడికి 700 మందికి పైగా చనిపోయారు. వాళ్ళలో చాలామంది ఒంటరిగా ఉంటున్న పేద వృద్ధులు. అదే వారంలో, అదే గొడుగు అంచున, మిన్నెసోటా నుంచి మిషిగన్ దాకా ఒకదాని వెనక ఒకటిగా గాలివానలు విరుచుకుపడ్డాయి. 15వ తేదీన న్యూయార్క్ రాష్ట్రంలోని అడిరొండాక్ అడవుల్లో లక్షల ఎకరాల మేర చెట్లు దెబ్బతిన్నాయి. లోపలున్నవాళ్ళకు ఎండదెబ్బ, అంచునున్నవాళ్ళకు గాలిదెబ్బ!

వానే గాలిని తోలుతుంది

మామూలు ఉరుముల వాన ఒక గంటలో ముగిసిపోతుంది. మరి కొన్ని మాత్రం 12 గంటలు, 20 గంటలు ఎలా బతుకుతాయి? కిటుకంతా చల్లగాలిలో ఉంది.

వాన పడేటప్పుడు కొన్ని చినుకులు పొడిగాలిలో మధ్యలోనే ఆవిరైపోతాయి. మట్టికుండలో నీళ్ళు చల్లబడినట్టే చుట్టూ ఉన్న గాలీ చల్లబడుతుంది. చల్లగాలి బరువు. అది దభాలున కిందపడి, నేలను తాకి, ముందుకు పరుచుకుంటుంది. వానకు ముందు మన ముఖానికి కొట్టే చల్లటి ఈదురుగాలి అదే. ఆ చల్లగాలి నాగలి కర్రులా ముందున్న వేడిగాలి కిందికి దూరి దాన్ని పైకి ఎత్తేస్తుంది. ఎత్తిన గాలి కొత్త మేఘమవుతుంది. కొత్త మేఘం మళ్ళీ వాన కురుస్తుంది, మళ్ళీ చల్లగాలి పుడుతుంది. ముందు దారిలో వేడి, తేమ దొరుకుతున్నంతసేపూ ఈ గొలుసు తెగదు.

అంచున ఉన్నంతకాలం దానికి ఆ రెండూ పుష్కలమే. గొడుగు కింద కాగిన గాలి కుడిచేతి పక్కనే ఉంటుంది మరి! రాత్రయితే ఆగిపోవాలి కదా అనుకుంటే, అదీ లేదు. అమెరికా మైదానాల్లో రాత్రిపూట నేలకు కొన్ని వందల మీటర్ల ఎత్తులో దక్షిణపు గాలి వేగం పుంజుకుని తేమను మోసుకొస్తుంది. అందుకే నెబ్రాస్కా, అయోవా రైతుల్ని వేసవి ఉరుములు పగటికన్నా అర్ధరాత్రి పూటే ఎక్కువగా లేపుతాయి.

1999 జులై 4న అమెరికా స్వాతంత్ర్య దినోత్సవం నాడు నార్త్ డకోటా దగ్గర మొదలైన ఓ గాలివాన ఇలాగే మిన్నెసోటా, కెనడాల మీదుగా మర్నాటికి మెయిన్ రాష్ట్రం చేరింది. 22 గంటలు, 2,100 కిలోమీటర్లు! మిన్నెసోటా ఉత్తరాన సరస్సుల మధ్య ఉన్న బౌండరీ వాటర్స్ అడవిలో కోట్లాది చెట్లు నేలకొరిగాయి.

పేరు పెట్టిన ప్రొఫెసర్

ఈ సుదీర్ఘ గాలివానలకు ఒక పేరుంది... 'డెరేచో'. స్పానిష్‌లో 'తిన్నగా' అని అర్థం. పెట్టింది అయోవా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన గుస్టావస్ హిన్రిక్స్. ఐరోపాలోని హోల్‌స్టైన్ ప్రాంతం నుంచి వలస వచ్చిన ఈ ప్రొఫెసర్ రసాయన శాస్త్రంలోనూ ఘనుడే. మూలకాలను ఒక వరసలో పేర్చే ప్రయత్నం మెండెలీవ్ కన్నా ముందే చేసినవారిలో ఒకడు. 1875లో అయోవాకు సొంత వాతావరణ సేవను ఏర్పాటుచేసిందీ ఆయనే.

1877 జులై 31న ఒక గాలివాన అయోవాను ఊడ్చేసింది. సుడిగాలి వచ్చిందని అందరూ అనుకున్నారు. హిన్రిక్స్ ఒప్పుకోలేదు. సుడిగాలైతే వస్తువులు నాలుగు దిక్కులా విసిరేసి ఉండాలి. ఇక్కడ గాలి తిన్నగా ఒకే వైపుకి కొట్టింది. తిరిగే గాలి టోర్నడో అయితే, తిన్నగా కొట్టే గాలి డెరేచో అని ఆయన 1888లో రాశాడు. విచిత్రమేమంటే, ఆ తర్వాత ఆ మాటను అందరూ మరిచిపోయారు. దాదాపు వందేళ్ళ తర్వాత, 1987లో రాబర్ట్ జాన్స్, విలియమ్ హర్ట్ అనే ఇద్దరు వాతావరణ నిపుణులు పాత కాగితాల్లోని ఆ పేరును మళ్ళీ వెలికితీశారు. కనీసం 400 కిలోమీటర్ల మేర నష్టం చేస్తూ, గంటకు 93 కిలోమీటర్లకు తగ్గని గాలులతో సాగేదే డెరేచో అని లెక్క ఏర్పడింది.

విల్లును చూసిన ఫుజితా

ఆ గాలి ఎలా కొడుతుందో చూపించినవాడు మాత్రం ఒక జపానీయుడు. పేరు టెట్సుయా ఫుజితా. 1945 ఆగస్టులో ఆయన జపాన్‌లోని కొకురా నగరం పక్కన ఒక కళాశాలలో పాఠాలు చెబుతున్నాడు. ఆగస్టు 9న అమెరికా రెండో అణుబాంబు వేయాల్సింది నిజానికి కొకురా మీదే. ఆకాశం సరిగా కనిపించక విమానం నాగసాకికి మళ్ళింది. తర్వాత కొన్నాళ్ళకు ఫుజితా హిరోషిమా, నాగసాకిల శిథిలాలను పరిశీలించడానికి వెళ్ళాడు. బాంబు పేలినచోటికి చుట్టూ చెట్లు నక్షత్రపు కిరణాల్లా బయటివైపుకి ఒరిగి ఉండటం ఆయన మనసులో నాటుకుపోయింది.

1953లో షికాగో విశ్వవిద్యాలయానికి వచ్చాడు. టోర్నడోల తీవ్రతను కొలిచే 'ఎఫ్' స్కేలుతో పేరు తెచ్చుకున్నాడు. 1974 ఏప్రిల్‌లో టోర్నడోలు పదుల సంఖ్యలో విరుచుకుపడ్డాక విమానంలోంచి నష్టాన్ని చూస్తుంటే ఒకచోట అవే నక్షత్ర కిరణాలు! సుడి తిరిగిన ఆనవాలు లేదు. పైనుంచి గాలి కిందికి దూకి నలువైపులా చిమ్మిందన్నమాట. మరుసటి ఏడాది జూన్ 24న న్యూయార్క్‌లో దిగబోతున్న ఈస్టర్న్ సంస్థ విమానం కూలి వందమందికి పైగా చనిపోయారు. దాన్ని నేలకు కొట్టింది ఉరుముల మేఘం నుంచి దూకిన గాలేనని ఫుజితా తేల్చాడు. దానికి 'డౌన్‌బరస్ట్' అని పేరు పెట్టాడు. తోటి శాస్త్రవేత్తల్లో చాలామంది నమ్మలేదు. 1978లో షికాగో దగ్గర డాప్లర్ రాడార్లు పెట్టి మరీ చూపించాక నోళ్ళు మూతపడ్డాయి. ఆ తర్వాతే విమానాశ్రయాల్లో గాలికోతను పసిగట్టే రాడార్లు వచ్చాయి.

ఆయన చూపించిన మరో సంగతి 'బో ఎకో'. రాడార్ తెర మీద గాలివానల వరస ముందు తిన్నగా ఉంటుంది. వెనకనుంచి గాలి బలంగా తోసేకొద్దీ మధ్యభాగం ముందుకు ఉబికి, ఎక్కుపెట్టిన విల్లులా వంగుతుంది. ఆ విల్లు మధ్యలో ఉన్న ఊరికి అందరికన్నా పెద్ద దెబ్బ. నేటికీ రాడార్ ముందు కూర్చున్నవాళ్ళు మొదట వెతికేది ఆ వంపు కోసమే.

వేట సాగేదిలా...

ఓక్లహామా రాష్ట్రంలోని నార్మన్ పట్టణంలో 'స్టార్మ్ ప్రెడిక్షన్ సెంటర్' ఉంది. దేశం మొత్తానికి ఉరుముల వానల జాతకం రాసేది అక్కడే. పగలూ రాత్రీ తేడా లేదు, పండగా పబ్బం లేదు.

గాలివాన వేట వారం ముందే మొదలవుతుంది. ముందు గొడుగు ఎక్కడ పరుచుకుంటుందో చూస్తారు. దానికో కొండగుర్తు ఉంది. గాలి పీడనం నేలమీద ఉన్నదాంట్లో సగానికి తగ్గే ఎత్తు సుమారు ఐదున్నర కిలోమీటర్లు. వేడిగాలి వ్యాకోచిస్తుంది కాబట్టి గొడుగు కింద ఆ ఎత్తు పెరుగుతుంది. 5,880 మీటర్లు దాటిన ప్రాంతాన్ని చుట్టి ఒక గీత గీస్తే, అదే దాదాపుగా గొడుగు అంచు. గీత లోపలివాళ్ళకు ఎండ హెచ్చరిక. గీత వెంట ఉన్నవాళ్ళకు గాలివాన హెచ్చరిక.

తర్వాత మూత సంగతి తేలాలి. రోజుకు రెండుసార్లు దేశమంతటా ఒకే సమయానికి వాతావరణ బెలూన్లు ఎగురుతాయి. 30 కిలోమీటర్ల ఎత్తుదాకా వెళ్ళి ఉష్ణోగ్రత, తేమ, గాలి వివరాలు పంపిస్తాయి. మూడు కిలోమీటర్ల ఎత్తులో 12 డిగ్రీల కన్నా వేడిగా ఉంటే మూత గట్టిదని ఒక అనుభవ సూత్రం. అంతకు తగ్గినచోట మబ్బు లేచే అవకాశం ఉన్నట్టే. బెలూన్లు చెప్పని సమయంలో ఉపగ్రహాలు, గంటగంటకూ లెక్కలు మార్చే కంప్యూటర్ నమూనాలు ఆదుకుంటాయి.

ఇక ఆ రోజు వచ్చేసరికి ముప్పును ఐదు మెట్లుగా విడదీసి పటం విడుదల చేస్తారు. 24 గంటల్లో ఐదుసార్లు దాన్ని సవరిస్తారు. మబ్బులు లేవబోతున్నాయనిపిస్తే కొన్ని గంటలపాటు అమల్లో ఉండే 'వాచ్' జారీ అవుతుంది. సిద్ధంగా ఉండండి అని దానర్థం. గాలివాన నిజంగా వచ్చిపడుతుంటే స్థానిక వాతావరణ కార్యాలయం 'వార్నింగ్' ఇస్తుంది. అంటే... ఇక ఆలోచించడానికి సమయం లేదు, లోపలికి వెళ్ళండి అని!

దేశంలో దాదాపు 160 డాప్లర్ రాడార్లు నాలుగైదు నిమిషాలకోసారి ఆకాశాన్ని చుట్టి చూస్తాయి. అవి వాననే కాదు, చినుకులు మనవైపు వస్తున్నాయా, దూరంగా పోతున్నాయా అన్నదీ చెబుతాయి. తెర మీద గీత వంగిందా, ఆ వంపు వెనక ఖాళీ ఏర్పడిందా, విల్లు రెండు కొనల్లో సుడులు తిరుగుతున్నాయా... నిపుణుల కళ్ళు వెతికేవి ఇవే.

లెక్క తప్పిన రోజులు

ఇంత సరంజామా ఉన్నా డెరేచో చాలాసార్లు టోపీ వేస్తుంది. తుపానైతే నాలుగైదు రోజుల ముందే సముద్రంలో కనిపిస్తుంది, దారి గీయొచ్చు. డెరేచో పుట్టే ముందు ఆకాశంలో ఏమీ ఉండదు. మూత లేస్తుందా లేదా అన్నది ఒకటి రెండు డిగ్రీల తేడాలో ఉంటుంది. ఆ కాస్త తేడాతో ఉత్త ఎండరోజు కాస్తా విలయంగా మారుతుంది.

2012లో జరిగింది అదే. ముందురోజు అంచనాల్లో అంత పెద్ద గాలివాన జాడ లేదు. కొండలు దాటేలోపు చల్లబడుతుందన్న ఆశ కూడా అడియాసైంది. 2020 ఆగస్టు 10, సోమవారం నాడు కూడా అంతే. సౌత్ డకోటా, నెబ్రాస్కా సరిహద్దుల్లో పుట్టిన డెరేచో 14 గంటల్లో 1,240 కిలోమీటర్లు ప్రయాణించి ఒహాయో చేరింది. అంత తీవ్రతను ముందురోజు నమూనాలు పట్టుకోలేకపోయాయి. అయోవాలోని సీడర్ రాపిడ్స్‌లో గాలి గంటకు 225 కిలోమీటర్ల దాకా వీచి ఉంటుందని నష్టాన్ని బట్టి అంచనా వేశారు. ఆ ఊరు తన చెట్లనీడలో సగానికి పైగా పోగొట్టుకుంది. కోతకు కొన్ని వారాల ముందు లక్షల ఎకరాల మొక్కజొన్న చాపలా నేలకు అంటుకుపోయింది. నష్టం 1,100 కోట్ల డాలర్లు. అమెరికా చరిత్రలో ఉరుముల వాన ఒక్కటే చేసిన నష్టాల్లో అది అతి పెద్దది.

ఆ దెబ్బతో ఒక మార్పు వచ్చింది. టోర్నడో వస్తుంటే సెల్‌ఫోన్లు వాటంతటవే మోగుతాయి. డెరేచోకి మోగేవి కావు. 2021 ఆగస్టు నుంచి గాలి వేగం గంటకు 129 కిలోమీటర్లు చేరుతుందనుకుంటే ఫోన్లు మోగేలా ఏర్పాటు చేశారు.

వాన వెలిశాక అసలు కష్టం

డెరేచో మిగతా గాలివానల్లా కాదు. అది వెళ్ళిపోయినా గొడుగు పోదు. మర్నాడు మళ్ళీ అదే ఎండ. కానీ ఈసారి కరెంటు లేదు, ఏసీ లేదు, ఫ్యాను లేదు.

2012లో వాషింగ్టన్ చుట్టుపక్కల కొన్ని ప్రాంతాలకు వారం రోజులదాకా కరెంటు రాలేదు. గాలికి చనిపోయినవాళ్ళు 13 మందైతే, ఆ తర్వాత కరెంటు లేని చోట్ల వేడికి తాళలేక చనిపోయినవాళ్ళు 34 మంది! అంటే గాలి కన్నా దాని తర్వాతి ఉక్కే ఎక్కువమందిని పొట్టన పెట్టుకుంది. అత్యవసర నంబరు 911 కూడా మొరాయించింది. ఆరు రాష్ట్రాల్లో 36 లక్షలమందికి సేవలందించే 77 కాల్ సెంటర్లకు ఎంతో కొంత అంతరాయం కలిగింది. వర్జీనియాలో ఒక డేటా సెంటర్‌కు కరెంటు పోవడంతో నెట్‌ఫ్లిక్స్, ఇన్‌స్టాగ్రామ్ లాంటివి కూడా కాసేపు మూగబోయాయి. ఒహాయో గాలికి, ఎక్కడో ఇంకో దేశంలో ఫోటో పెట్టుకోబోతున్న కుర్రాడికి ముడి పడిందన్నమాట!

అప్పటినుంచి హెచ్చరికల్లో ఒక కొత్త ప్రశ్న చేరింది. గాలి ఎంత వేగంతో కొడుతుందన్నదే కాదు, అది వెళ్ళాక ఎంతమంది ముసలివాళ్ళు ఫ్యాను లేకుండా ఎన్ని రాత్రులు గడపాలి అన్నది.

మన గొడుగు, మన అంచు

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు మన పెద్దలు. మన నెత్తిమీదా గొడుగు పరుచుకుంటుంది. 2015 మే నెలలో వడగాడ్పులకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యిమందికి పైగా చనిపోయారు. మన దగ్గరా ఎండ వెంటే ఉరుములుంటాయి. కాకపోతే తీరు వేరు. మనకు వేసవిలో తేమను పంపేది బంగాళాఖాతం మీది అధిక పీడనం. ఆ తేమగాలి, పడమటి నుంచి వచ్చే పొడిగాలి ఒకదానికొకటి ఎదురుపడేచోట విదర్భ నుంచి తెలంగాణ, రాయలసీమల మీదుగా తమిళనాడు దాకా ఒక ద్రోణి ఏర్పడుతుంది. పొద్దంతా కాగిన నేల మీద సాయంత్రానికి మబ్బు లేచి, ఈదురుగాలి, వడగళ్ళు, పిడుగులు. చెట్టు మీది మామిడి రాలిపోతుంది. కల్లాల్లో ఆరబోసిన ధాన్యం తడిసిపోతుంది. బెంగాల్‌లో 'కాలవైశాఖి' పేరుతో వచ్చేవీ ఈ కోవలోవే.

జెట్ స్ట్రీమ్ అప్పటికి ఉత్తరాదికి జరిగిపోతుంది కాబట్టి మన గాలివానలు అమెరికాలోలా వెయ్యి కిలోమీటర్లు పరుగెత్తవు. మనకు అసలు ప్రమాదం పిడుగు. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల వ్యవధిలో 36,749 పిడుగులు నమోదయ్యాయి. తొమ్మిదిమంది చనిపోయారు. ఇప్పుడు పిడుగు పడబోయే మండలాలకు విపత్తుల నిర్వహణ సంస్థ ఫోన్లకు సందేశాలు పంపుతోంది. 'దామిని' లాంటి యాప్‌లూ వచ్చాయి. అయితే పొలంలో కలుపు తీస్తున్న కూలీ చేతిలో ఆ సమయానికి ఫోన్ ఉండాలి, ఉన్నా చూసుకోవాలి, చూసుకున్నా దగ్గర్లో ఒక కప్పు కనిపించాలి. నార్మన్‌లోనైనా, నల్గొండలోనైనా హెచ్చరికకు ఎదురయ్యే ఆఖరి పరీక్ష ఇదే.

ఉరుము వినబడితే...

* మెరుపు కనిపించాక ఉరుము వినపడటానికి పట్టిన సెకన్లను మూడుతో భాగిస్తే, పిడుగు ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉందో తెలుస్తుంది. 30 సెకన్లలోపే వినిపిస్తే ప్రమాదం మన దరిదాపుల్లో ఉన్నట్టే.

* చెట్టు కిందికి వెళ్ళకూడదు. పిడుగుకైనా గాలికైనా మొదట దొరికేది చెట్టే. పక్కా ఇల్లు గానీ, అద్దాలు మూసిన కారు గానీ మేలు.

* చివరి ఉరుము విన్నాక అరగంట ఆగి బయటికి రావాలి.

* ఆకాశంలో ఒక అంచు నుంచి మరో అంచు దాకా నల్లటి అరలాంటి మేఘం ముందుకు కదిలొస్తుంటే ఈదురుగాలి కొద్ది నిమిషాల్లో వస్తుందని అర్థం.

* గాలివాన వెళ్ళాక తెగిన తీగల్ని తాకవద్దు. ఇంట్లో కరెంటు లేకపోతే పెద్దవాళ్ళను, పసిపిల్లలను చల్లటి చోటికి చేర్చాలి. పక్కింట్లో ఒంటరిగా ఉండే ముసలివాళ్ళ తలుపు ఒకసారి తట్టాలి.

1995లో షికాగోలో గానీ, 2012లో వర్జీనియాలో గానీ చాలామందిని కాపాడగలిగి ఉండేది ఆ చివరిదే. గాలివానను ఉపగ్రహం చూస్తుంది, రాడార్ తరుముతుంది, కంప్యూటర్ లెక్కగడుతుంది. తలుపు తట్టాల్సింది మాత్రం మనిషే!